పాత బుల్లెట్‌తో ఇంట్లో చాపర్: మెడ కొయ్యకుండా ఎలా కట్టాలి

"పాత బుల్లెట్ ఇంట్లో ఊరికే పడి ఉంది, దాన్ని చాపర్ చేసుకోవచ్చా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చాపర్ అంటే ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు పొడవుగా, వెనక భాగం కిందికి ఉండేలా మార్చుకున్న బండి. ఆ వెంటనే రెండో ప్రశ్న: "మెడ కోసి, ముందుకు వంచి వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందా?" మొదటిదానికి జవాబు, చేసుకోవచ్చు. రెండోదానికి, వద్దే వద్దు. హ్యాండిల్ తిరిగే ఆ లావు గొట్టం ఇంట్లో ముట్టుకోవాల్సిన భాగం కాదు. ఒకసారి కోశాక దాన్ని రెండు చక్రాల వరసలోకి తిరిగి తేవాలంటే చాసిస్ మొత్తాన్ని బిగించి పట్టుకునే జిగ్ కావాలి. ఒక్క డిగ్రీ పక్కకు వాలినా బండి ఎప్పటికీ ఒక పక్కకే లాగుతుంది. పైగా చాలా బండ్లకు చాసిస్ నంబరు గుద్ది ఉండేది కూడా అక్కడే.

కాబట్టి ఈ పద్ధతిలో మెడ జోలికి వెళ్లం. కాస్త పొడవైన ఫోర్కు, కాస్త పొట్టి వెనక షాకబ్జార్లు, తోక దగ్గర చిన్న కోత, సన్నటి ట్యాంకు, ఒంటి సీటు. చాపర్ రూపం రావడానికి ఇవి చాలు.

ముందు చట్టం సంగతి

ఇది చివర్లో చూసుకునే పని కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరించిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేదీ ఈ మార్పుల గురించే.

అందుకే మూడు పనులు చేయండి. ఏం మార్చాలనుకుంటున్నారో కాగితం మీద గీసుకుని ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి. అనుమతి రాకపోతే బండిని సొంత స్థలానికి, ప్రదర్శనలకు మాత్రమే కట్టుకోండి, రోడ్డెక్కించకండి. విప్పిన ఒరిజినల్ సామాను ఒక్కటి కూడా అమ్మకండి. ఇంజిను నంబరు, చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండరు, లప్పం, మందమైన రంగు ఏవీ పడకూడదు. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లకు దారి వేరు. అక్కడ బాగా మార్చిన బండికి ఎంఎస్‌వీఏ అనే తనిఖీ అవసరం కావచ్చు. అమెరికాలో ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే.

ఏ బండి తీసుకోవాలి

నా ఓటు పాత కాస్ట్ ఐరన్ ఇంజిను బుల్లెట్ 350కే. 346 సీసీ, 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు. నెమ్మదిగా తిరిగి బాగా లాగే ఇంజిను. కార్బురేటరు, కిక్కరు, సాదా వైరింగ్, ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటరు) గొడవ లేదు. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి మొదటి చాపర్‌కు వద్దు. ట్యాంకు మార్చాలంటే పంపు మార్చాలి, వైరింగ్ తగ్గించాలంటే సెన్సర్లు అడ్డొస్తాయి.

బుల్లెట్ చాసిస్‌లో ఒక విషయం తప్పక తెలిసి ఉండాలి. ముందు నుంచి దిగే పైపు ఇంజిను దగ్గరే ఆగిపోతుంది. ఇంజిను కింద పైపు ఉండదు, ఇంజినే చాసిస్‌లో ఒక భాగంగా బరువు మోస్తుంది. అంటే ఇంజిను ప్లేట్లు, వాటి బోల్టులు వదులైతే చాసిస్సే వదులైనట్టు.

బుల్లెట్ దొరకకపోతే అవెంజర్ మంచి ప్రత్యామ్నాయం. దానికి పొడవు, వాలు కంపెనీయే ఇచ్చింది కాబట్టి ముందు భాగం అసలు మార్చకుండానే పని అయిపోతుంది.

కొనేటప్పుడు ఆర్‌సీలో నంబర్లూ బండి మీద నంబర్లూ పోల్చి చూడండి. స్క్రాప్‌లో దొరికే కాగితాలు లేని చాసిస్ ఎంత చవకైనా వదిలేయండి. బండిని నడిపి చూడగలిగితేనే తీసుకోండి. స్టాక్‌గా, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నప్పుడే పక్కకు లాగే బండి చాపర్ అయ్యాక బాగుపడదు.

కావాల్సినవి

- చదునైన సిమెంటు నేల, బండిని నిటారుగా పట్టి ఉంచే స్టాండు, జాకీ
- స్పానర్ల సెట్టు, టార్క్ రెంచ్, యాంగిల్ గ్రైండర్, డ్రిల్లు, ఆకురాళ్లు
- రసమట్టం, తూకం గుండు, సన్నటి నైలాన్ దారం, టేపు, ఫోనులో కోణం కొలిచే యాప్
- ఒక్క ముక్కగా తయారైన, హార్డ్ క్రోమ్ వేసిన పొడవైన ఫోర్కు గొట్టాలు (75 మి.మీ. ఎక్కువ పొడవు చాలు)
- పాతవాటికన్నా 25 మి.మీ. పొట్టి వెనక షాకబ్జార్లు, కొత్త కోన్‌సెట్ (హ్యాండిల్ గొట్టంలో తిరిగే బేరింగులు)
- సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు, మీ చాసిస్ పైపు బయటి కొలతకూ మందానికీ సరిపోయేది
- కేబుళ్లు, బ్రేకు హోస్, వైర్లు, ఫ్యూజులు, నైలాన్ లాక్ నట్లు
- గాగుల్స్, గ్లౌజులు, నిప్పునార్పే సిలిండరు

సీమ్‌లెస్ పైపు హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్ వైపు, విజయవాడలో ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతుంది. కిటికీ గ్రిల్లులకు వాడే అతుకు పైపు చాసిస్‌కు పనికిరాదు, కొట్టువాడు ఎంత గట్టిగా చెప్పినా సరే.

వెల్డింగ్ రానివాళ్లు ఈ బండి మీద నేర్చుకోవద్దు. కోత, అమరిక మీరు చేయండి. కదలకుండా వెల్డింగ్ చుక్కలు పెట్టడం, పూర్తి వెల్డింగ్ మాత్రం ఆర్గాన్ లేదా సీఓటూ వెల్డింగ్ చేసే అనుభవజ్ఞుడికి ఇవ్వండి.

పని వరస

1. విప్పక ముందే కొలవండి. బండిని చదును నేల మీద నిటారుగా నిలపండి, ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టండి. ఈ కొలతలు రాసుకోండి: ఇరుసు నుంచి ఇరుసుకు దూరం, ముందు ఇరుసు నేల నుంచి ఎంత ఎత్తు, ఫోర్కు గొట్టం నిలువు గీత నుంచి ఎన్ని డిగ్రీలు వాలింది, హ్యాండిల్ తిరిగే గొట్టం మధ్య నుంచి ఫోర్కు గొట్టాల మధ్యకు ఎంత దూరం (దీన్నే ఆఫ్‌సెట్ అంటారు). అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి, ముఖ్యంగా కేబుళ్లు వెళ్లే దారి.

2. ట్రెయిల్ లెక్క వేయండి. ఈ వ్యాసంలో ఒక్కటే చదవాలనుకుంటే ఈ మెట్టు చదవండి. హ్యాండిల్ తిరిగే గొట్టం గీతను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటికీ, ముందు ఇరుసు నుంచి తూకం గుండు వదిలితే అది తాకే చోటికీ మధ్య దూరమే ట్రెయిల్. బండి సూటిగా వెళ్లాలన్నా, మలుపులో మాట వినాలన్నా దీని మీదే ఆధారం.

లెక్క ఇది: ఇరుసు ఎత్తును వాలు కోణం సైన్‌తో గుణించి, అందులోంచి ఆఫ్‌సెట్ తీసేసి, వచ్చినదాన్ని అదే కోణం కొసైన్‌తో భాగించాలి. ఉదాహరణకు ఇరుసు ఎత్తు 320 మి.మీ., ఆఫ్‌సెట్ 60 మి.మీ. అనుకుందాం. వాలు 28 డిగ్రీలైతే ట్రెయిల్ దాదాపు 102 మి.మీ. 32 డిగ్రీలైతే 129. అదే 38 డిగ్రీలకు వెళ్తే 174.

100 నుంచి 130 మధ్య ఉంటే ఇంట్లో కట్టిన బండికి హాయి. 150 దాటితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు చక్రం దానంతటదే పక్కకు పడిపోతుంటుంది, యూటర్న్ తీసుకోవాలంటే భుజాలు నొప్పి పుడతాయి. 75 కంటే తగ్గితే వేగంలో హ్యాండిల్ వణుకుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఫోర్కు 75 మి.మీ. పెరిగితే మెడ సుమారు 65 మి.మీ. పైకి లేస్తుంది. బుల్లెట్ చక్రాల మధ్య దూరం 1,370 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది కాబట్టి వాలు మూడు డిగ్రీలకు కాస్త తక్కువగా పెరుగుతుంది. వెనక 25 మి.మీ. దిగితే ఇంకో డిగ్రీ. మొత్తం నాలుగు డిగ్రీల లోపే. చూడ్డానికి బండి పూర్తిగా మారిపోతుంది, నడకలో మాత్రం హద్దు దాటదు.

మార్కెట్లో వంపు ఉన్న టీ ప్లేట్లు (ఫోర్కు గొట్టాలను మెడకు పట్టి ఉంచే ప్లేట్లు) అమ్ముతారు. మెడ కొయ్యకుండానే ఫోర్కు ముందుకు వస్తుంది కదా అని చాలామంది వాటికే మొగ్గుతారు. ఆ ప్లేట్లు చేసే పని సరిగ్గా వ్యతిరేకం, అవి ట్రెయిల్‌ను తగ్గిస్తాయి. 28 డిగ్రీల మెడకు 5 డిగ్రీల వంపు టీ బిగించారనుకోండి. ఫోర్కు పొడవు 700 మి.మీ. అయితే ఇరుసు 60 మి.మీ. పైగా ముందుకు జరుగుతుంది, 102 ఉన్న ట్రెయిల్ 35 ప్రాంతానికి పడిపోతుంది. ఆ టీలు మెడను బాగా వాల్చిన బండ్ల కోసం తయారైనవి. మన పద్ధతిలో వాటికి చోటు లేదు.

3. విప్పండి. మొదట బ్యాటరీ, తర్వాత ట్యాంకు. పెట్రోలు పూర్తిగా తీసి, ట్యాంకును పని జరిగే చోటికి దూరంగా పెట్టండి. ప్రతి భాగం బోల్టులు విడి సంచిలో వేసి పేరు రాయండి. ఇంజిను చాసిస్‌లోనే ఉండనివ్వండి. దాన్ని దించితే కొలతలకు ఆధారం పోతుంది.

4. ముందు భాగం. పాత గొట్టాలకు లేత్ మీద మరతిప్పి అతికించే పొడిగింపు ముక్కలు వద్దు. బ్రేకు కొట్టినప్పుడు బలమంతా ఆ మర దగ్గరికే వస్తుంది. ఒక్క ముక్క గొట్టాలు దొరకకపోతే స్టాక్ ఫోర్కుతోనే కట్టండి, వెనక దించినంత మాత్రానే రూపం వస్తుంది.

కొత్త గొట్టాన్ని అద్దం మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే కింద వెలుతురు కనిపిస్తుంది. గొట్టం ఎంత పొడవు పెరిగిందో అంత స్పేసరు స్ప్రింగు మీద పెట్టాలి, లేకపోతే ముందు భాగం కూర్చుండిపోతుంది. కోన్‌సెట్ కొత్తది వేయండి. బిగించాక ముందు చక్రం గాలిలో ఉంచి ఫోర్కు కింది భాగాన్ని పట్టుకుని ముందుకు వెనక్కు గుంజండి. ఆట, అంటే వదులు, ఉండకూడదు. మధ్యలో నుంచి వేలితో తోస్తే హ్యాండిల్ రెండు పక్కలకూ దానంతటదే వాలాలి, ఎక్కడా పట్టినట్టు ఆగకూడదు.

5. వెనక భాగం. షాకబ్జార్లు తీసేసి ఇనుప కడ్డీలు బిగిస్తే పాతకాలపు చాపర్‌లా కనిపిస్తుంది. కానీ స్ప్రింగు మింగాల్సిన దెబ్బంతా అప్పుడు చాసిస్ పై బోల్టులకే తగులుతుంది. మన స్పీడ్ బ్రేకర్లకు అవి తట్టుకోవు. పొట్టి షాకబ్జార్లే వేయండి.

వేసే ముందు ఒక పరీక్ష చేయాలి. షాకబ్జార్లు లేకుండా చక్రాన్ని జాకీతో పైకి లేపండి, షాకబ్జారు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఎంత పొడవు ఉంటుందో అక్కడిదాకా. టైరు దేనికైనా తగులుతోందా? చైను దేన్నైనా రాస్తోందా? చైను బిగువు కూడా ఇక్కడే చూడాలి. ముందు స్ప్రాకెట్, చిమ్టా (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చేయి) పివట్, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికన్నా బిగువుగా ఉంటుంది. అక్కడ కూడా కొంచెం వదులు మిగలాలి.

లావు టైరు మోజు చాలామందికి ఉంటుంది. వెనక రిమ్ము వెడల్పుకు సరిపోయే టైరే వేయండి. సన్నటి రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే అది గుండ్రంగా ఉబ్బుతుంది, పక్కన చైను తినేస్తుంది.

6. తోక కోత. వెనక షాకబ్జారు పై బోల్టు దాటాక వెనక్కి వెళ్లే పైపులను మాత్రమే కొయ్యాలి. బోల్టు పట్టుకున్న బ్రాకెట్టు చివరి నుంచి కనీసం 30 మి.మీ. వదిలి గుర్తు పెట్టండి. రెండు పక్కలా ఒకే దూరం వచ్చిందా లేదా అన్నది ఇంకొకరి చేత కొలిపించండి.

కోశాక కొత్త వంపు పైపును నేరుగా మొనకు మొన అతికించవద్దు. లోపల బిగుతుగా పట్టే 60 మి.మీ. ముక్కను దూర్చాలి, సగం ఇటు, సగం అటు. అతుకుకు అటూ ఇటూ బయటి పైపులో 8 మి.మీ. రంధ్రం వేసి, ఆ రంధ్రం గుండా కూడా వెల్డింగ్ నింపాలి.

వెల్డింగ్‌కు ముందు జాగ్రత్తలు: బ్యాటరీతో పాటు రెగ్యులేటరు వైర్లు కూడా ఊడదీయండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చోటికి దగ్గరగా, చాసిస్ మీదే పెట్టాలి. కరెంటు చక్రాల బేరింగుల గుండా పోకూడదు. క్రోమ్, జింకు పూత ఉంటే గీకేయండి, వాటి పొగ విషం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ వాయువు పుడుతుంది, దాని జోలికి పోవద్దు.

వెల్డింగ్ బాగుందో లేదో కంటితోనే సగం తెలుస్తుంది. గీత పక్కన గాడి పడకూడదు, పైన సూది బెజ్జాలు ఉండకూడదు, లోహం పైపులో కలవకుండా పైన ముద్దలా నిలబడకూడదు. గ్రైండర్‌తో నున్నగా చేసేయకండి, బలమూ పోతుంది, తప్పులూ దాక్కుంటాయి. మిగతా సగం తెలియాలంటే డై పెనెట్రెంట్ కిట్ కొనండి, మూడు స్ప్రే డబ్బాలు వస్తాయి. అతుకు శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి తుడిచేయండి. మీద తెల్ల పొడి కొట్టండి. కాసేపటికి ఆ తెలుపులోంచి వెంట్రుకంత ఎర్ర గీత పైకి తేలితే అక్కడ పగులు ఉన్నట్టే. దాని మీద మళ్లీ వెల్డింగ్ పూయకండి, మొత్తం గీకి మళ్లీ చేయించండి.

7. ట్యాంకు, మడ్‌గార్డు, సీటు. బుల్లెట్‌లో పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. కాబట్టి చిన్న ట్యాంకు ఎక్కడ పెట్టినా దాని పెట్రోలు కాక్ కార్బురేటరు గిన్నె కంటే పైన ఉండాలి. కొత్త ట్యాంకు అతుకుల మీద బయట సబ్బు నీళ్ల నురగ పూసి, సైకిలు పంపుతో రెండు మూడు పౌండ్ల గాలి ఎక్కించి బుడగలు చూడండి. కంప్రెసర్ గాలి పెడితే ట్యాంకు ఉబ్బిపోతుంది. పెట్రోలు పోసిన పాత ట్యాంకును ఇంట్లో ఎప్పుడూ వెల్డింగ్ చేయకండి, కడిగినా సరే.

మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉండాలంటే దాన్ని చిమ్టాకే బిగించండి, చక్రంతో పాటే కదులుతుంది. బోల్టు గుండ్రటి తల లోపల, టైరు వైపు ఉండాలి. నట్టు బయటికి రావాలి. తిరగేసి పెడితే బోల్టు చివర టైరును చీలుస్తుంది.

8. హ్యాండిల్, బ్రేకులు, పెడళ్లు. పొడవాటి హ్యాండిల్ పెట్టినా గ్రిప్పులు భుజాల ఎత్తు దాటకూడదు. ముందు బ్రేకు తీసేసే ఫ్యాషన్ అమెరికాలో ఒకప్పుడు ఉండేది. మీరు తీయకండి, బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం దానిదే. ఫోర్కు పొడవు పెరిగింది కాబట్టి పాత బ్రేకు కేబులు లేదా హోస్ చాలదు, కొత్తది కొలిచి చేయించండి.

పెడళ్లు ముందుకు జరపాలనే కోరిక సహజం. మొదటి బండికి ఉన్నచోటే ఉంచండి. జరిపి తీరాలంటే ఇంజిను ముందు ప్లేట్ల బోల్టులకు బ్రాకెట్టు కట్టాలి, సన్నటి పైపుకు వెల్డింగ్ పెట్టకూడదు.

9. వైరింగ్. మెయిన్ లైనుకు 2.5 చదరపు మి.మీ., హెడ్‌లైటుకు 1.5, చిన్న లైట్లకు 1 చదరపు మి.మీ. వైరు చాలు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఎర్త్ వైరు బిగించే చోట రంగు గీకండి. ఇండికేటర్లు, అద్దాలు, బ్రేకు లైటు, హారను తీసేసి అందం పెంచే ఆలోచన మానుకోండి.

10. రంగు వేయకముందే పూర్తిగా బిగించండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు రంగు వేయించి, తర్వాత బ్రాకెట్టు కలవడం లేదని మళ్లీ గ్రైండరు పడతారు. పచ్చి ఇనుముతోనే బండి మొత్తం నిలబెట్టి ఇవి చూడండి:

- ఇంజిను ఆన్ చేసి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. శబ్దం ఒక్క పిసరు పెరిగినా యాక్సిలరేటర్ కేబులు లాగుతోందని అర్థం. దారి మార్చండి.
- వెనక టైరు రెండు పక్కల నుంచీ ముందుకు దారం లాగండి. ముందు టైరుకు రెండు వైపులా ఒకే ఖాళీ రావాలి.
- సైడ్ స్టాండు. ముందు భాగం లేచింది కాబట్టి పాత స్టాండు పొట్టిదైపోతుంది, బండి ప్రమాదకరంగా వాలుతుంది. స్టాండు పొడిగించండి. వాలి ఉన్నప్పుడు కార్బురేటరు నుంచి పెట్రోలు కారుతోందా చూడండి.
- హెడ్‌లైటు కూడా పైకి లేచి ఉంటుంది, కిందికి దించండి.
- సైలెన్సరు లోపలి జాలీ ఉండాలి. ఖాళీ గొట్టం పెడితే చప్పుడుకు చలానా, ఇంజినుకు వేడి.

11. రంగు. విప్పి, తుప్పు గీకి, ప్రైమరు, రంగు. కోన్‌సెట్ కూర్చునే చోట, బోల్టు రంధ్రాల్లో, ఎర్త్ దగ్గర రంగు పడకుండా టేపు వేయండి. వెల్డింగ్ అతుకుల మీద మాత్రం లప్పం పెట్టకుండా తెలుపు లేదా లేత రంగు వేయించండి, కారణం కింద ఉంది.

12. మొదటి నడక. మూసి ఉన్న స్థలంలో, హెల్మెట్, గ్లౌజులతో, ఒంటరిగా కాకుండా. ముందు 10, 20 కి.మీ. వేగంలో ఎనిమిది అంకె తిప్పండి. తర్వాత సూటిగా 40 దాకా వెళ్లి గ్రిప్పుల మీద పట్టు కొంచెం సడలించండి, చేతులు పూర్తిగా తీయవద్దు.

హ్యాండిల్ వణికితే వరసగా చూడాల్సినవి: టైరు గాలి, కోన్‌సెట్ బిగువు, చిమ్టా పివట్, స్పోకులు, ఆఖరున ట్రెయిల్. ఒక పక్కకు లాగితే దారంతో మళ్లీ వరస చూడండి. బ్రేకు కొట్టినప్పుడు ఫోర్కు లోంచి టక్‌మని చప్పుడొస్తే కోన్‌సెట్ వదులుగా ఉంది.

50 కి.మీ. తిరిగాక ప్రతి నట్టూ టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి, ఇంజిను ప్లేట్ల బోల్టులతో మొదలుపెట్టండి. ప్రతి ఒక్కదాని మీద మార్కరుతో గీత గీస్తే తర్వాత కదిలిందో లేదో ఒక చూపులో తెలుస్తుంది. బండి కడిగిన ప్రతిసారీ టార్చ్ లైటుతో అతుకులు చూడండి. తెల్ల రంగు మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది మరక కాదు, కింద పగులు మొదలైంది. ఆ క్షణం నుంచి బండి నడపవద్దు, ట్రాలీలో వెల్డరు దగ్గరికి తీసుకెళ్లండి.